పాట కొసలు

ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమకాలం మొదలయ్యే బుధవారం నాడు నా బిడ్డ మహిమ వచ్చి డిస్కు అడిగింది. చేన్లో పీకిన పత్తికట్టె మోపులు తెచ్చి వాకిట్లో వేస్తున్నాను. బిడ్డ చెప్పులు విప్పలేదు, నీళ్లడగలేదు. నిలబడే అడిగింది.

"బాపు, గా డిస్కు ఇయ్యి."

"ఏ డిస్కు?"

"నీకు తెల్వదా ఏందో? అవ్వ పాట ఉన్నది."

"నీ మొగడు పంపిండా?"

"నేనే వచ్చిన. ఆయనకు తెల్వది."

నమ్మాను. నా అల్లుడు ఎబినేజర్‌కు నా వాకిలి తొక్కే ధైర్యం లేదు. ఏడాది కింద నా భార్యను, మహిమ తల్లి రిబ్కమ్మను మట్టిలో పెట్టిన రోజు, చర్చి సంఘమంతా వింటుండగా వాడితో నేనన్న మాట ఒక్కటే. "పాట పాడిచ్చి చంపినవ్." వాడు నోరు తెరవలేదు. తప్పు ఒప్పుకున్నాడనే సంఘం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. రిబ్కమ్మ గుండెలో కవాటం చెడింది. బరువెత్తొద్దు, ఆయాసపడొద్దు అన్నాడు డాక్టరు. ఎబినేజర్ ఆసిఫాబాద్‌లో పెండ్లి వీడియోలు తీస్తాడు. యూట్యూబ్‌లో చర్చి పాటల చానల్ ఒకటి నడుపుతాడు. పోయిన శ్రమకాలంలో ఒక మధ్యాహ్నం ఆమెను మా ఊరి చర్చిలో కూర్చోబెట్టి, ఆమె సొంతంగా కట్టిన సిలువ పాట రికార్డు చేశాడు. గిర్నీలో పసుపు పట్టించుకొస్తానని నాతో చెప్పి పోయింది. వారం తిరగకముందే, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం పొద్దున, పొయ్యి ముందర ఒరిగిపోయింది.

సమాధి దగ్గరి నుంచి నేరుగా వాళ్లింటికి పోయి, వాడి బల్ల మీది నల్ల హార్డ్ డిస్కు ఊడబీకి తెచ్చాను. అప్పటి నుంచి అది డ్రమ్ములో బియ్యం అడుగున ఉంది. దాన్ని వినే మిషను నా దగ్గర లేదు. వినాలని కూడా కాదు తెచ్చింది. ఆమె గొంతు వాడి దగ్గర ఉండకూడదు, అంతే.

"అవ్వ ఏడాది కూడిక గుడ్ ఫ్రైడే సాయంత్రం పెట్టుకొమ్మన్నడు పాస్టరయ్య," అంది మహిమ. "ఆనాడు అవ్వ పాట పెట్టాలె. కరీంనగర్ల అంబదాస్ అని ఒకాయన సంగీతం చేస్తడు. మంచిగ చేస్తడట."

"నీ మొగని కాడ పాట లేదా?"

"వీడియో ఉన్నది. అండ్ల అవ్వ గొంతు, ఫ్యాను, ఆయన తర్వాత కలిపిన డోలక్ అన్ని ఒక్క ముద్ద. గొంతు విడిగ కావాలంటుండు అంబదాస్. ల్యాప్‌టాప్‌ల ప్రాజెక్టు ఉన్నది గని, అండ్ల కోతలే ఉంటయట. ఏడ కోసిండు, ఏడ అతికిండు, గంతే. అసలు సరుకు డిస్కుల ఉన్నది. ఇప్పుడు తెరిస్తే తెర అంత ఎర్రగైతది బాపు. దొరుకుత లేదు, దొరుకుత లేదు అని రాస్తది."

"నీ అవ్వ నాకు దొరుకుత లేదు. గది ఏ తెర మీద రాస్తరు?"

మహిమ మోపు మీద కూలబడింది. "నువ్వొక్కనివే పోగొట్టుకున్నవా? నాకు అవ్వ గాదా?"

జవాబు లేనప్పుడు షరతు పెడతాను.

"డిస్కు నా చేతులనుంచి దిగది. నేనే పట్కపోత. నా కండ్ల ముందర తియ్యాలె."

"ఆయన గూడ ఉండాలె మరి. ప్రాజెక్టు ఆయనకే ఎరుక."

"ఉండనియ్యి. దొంగ ఎదుటనే ఉండుడు మంచిది."

"నీ నోటికో దండం బాపు," అంటూ లేచిపోయింది.

*

ఆసిఫాబాద్ బస్టాండులో ఎబినేజర్ నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. సంచిలో ల్యాప్‌టాప్. చిక్కిపోయాడు. నా వెనక సీట్లో కూర్చున్నాడు. నేను ఒక టికెట్ తీసుకున్నాను, వాడు ఒకటి తీసుకున్నాడు.

కండక్టర్ నవ్వాడు. "ఒక్క ఊరికే వోతున్నరు, ఒక్క కాడ్నే ఎక్కిన్రు. ఇద్దరికి ఒక్కలే తీస్కుంటె అయిపోవు గద పెద్దాయనా."

"ఆయన ఎవలో నాకు తెల్వది."

కిటికీ అవతల ఇప్పచెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. పూత ఇంకా దిగలేదు. మంచిర్యాలలో బస్సు మారేటప్పుడు వాడు చాయ్ తెచ్చి నా పక్కన గట్టు మీద పెట్టాడు. నేను ముట్టలేదు. చల్లారాక వాడే తాగి గ్లాసు ఇచ్చి వచ్చాడు. కరీంనగర్ చేరేదాకా మా మధ్య ఇంకేం జరగలేదు.

అంబదాస్ స్టూడియో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం మీద ఉంది. చిన్న గది. చప్పుడు గోడలకు తగిలి వెనక్కి రాకుండా చుట్టూ గొంగళ్లు వేలాడదీశాడు. సిరిసిల్ల పద్మశాలి. తండ్రి సాంచెల మధ్య, ఆ మరమగ్గాల చప్పుడులో పని చేసి చేసి చెవులు పోగొట్టుకున్నాడని, అందుకే తాను చెవులతో బతికే పని పట్టుకున్నానని మేము కూర్చోకముందే చెప్పేశాడు.

"చెప్పులు ఇప్పకు కాక. ఇదేం గుడి గాదు."

"గుడికి నేను పోను."

"చర్చి అనుకో మరి. ఈడికొచ్చినోళ్లందరు పాడేటోళ్లే. వినేటోన్ని నేనొక్కన్నే."

రుమాలు విప్పి డిస్కును బల్ల మీద పెట్టాను. ఎబినేజర్ చేతికి ఇవ్వలేదు. వాడు తీగ తగిలించాడు. ల్యాప్‌టాప్ తెర మీద వరుసగా ఎర్రటి ముక్కలున్నాయి. మహిమ చెప్పినవే. ఒకదాని తర్వాత ఒకటి ఎరుపు పోయి ఆకుపచ్చ అయ్యాయి. పైన రిబ్కమ్మ ముఖం వచ్చింది. తెల్లచీర, నెత్తి మీద కొంగు. నేను గొంగడి వైపు చూశాను.

తర్వాత వాళ్ల పని వాళ్లు చేశారు. నాకు అర్థమైనంత చెబుతాను. బొమ్మలు కోసే సాఫ్ట్‌వేర్ వేరు, సంగీతం చేసే సాఫ్ట్‌వేర్ వేరు. ఒకదాని ప్రాజెక్టు ఇంకోదానిలో తెరుచుకోదు. మధ్యలో ఒక ఫైలు చేసి పంపాలి. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఏది దేని పక్కన ఉంటుంది, అంతా ఆ ఫైలు మోసుకుపోతుంది. ఎబినేజర్ ఆ ఫైలు చేశాడు. అంబదాస్ దాన్ని తన కంప్యూటర్‌లో తెరిచాడు. ముక్కలన్నీ దిగాయి. ఇప్పుడు బొమ్మ లేదు. గొంతు గీతలే ఉన్నాయి. నాకు అదే నయమనిపించింది.

అంబదాస్ మీట నొక్కాడు.

*ఎవ్వలు పెట్టిరి కొడుకా ముండ్లు, ఎవ్వలు తీసేరు కొడుకా...*

ఏడాదికి విన్నాను. కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. అంతకంటే చెప్పను.

రెండు చరణాలు కాగానే అంబదాస్ ఆపేశాడు.

"అన్నా, గీ అత్త ఊపిరి తీస్కోదా?"

ఎబినేజర్ సంచి ఒళ్లోకి తీసుకున్నాడు.

"లైను అయిపోంగనె కోసినవ్. ఇంకో లైను షురువు కాంగనె అతికినవ్. నడుమ ఏం లేదు. మనిషి పాడినట్టు లేదు, గోడ పాడినట్టున్నది. ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడుగుతది గద, ముక్కకు రెండు దిక్కుల ఎన్ని సెకండ్లు ఎక్కువ కావాలె అని. సున్న పెట్టినవా?"

"పెట్టిన."

"ఎందుకు?"

"అటు ఇటు ఉత్త చప్పుడే ఉన్నది. పనికి రాదు."

"పనికొచ్చేది రానిది నేను చూస్కుంట గద." అంబదాస్ నా వైపు తిరిగాడు. "కాక, మా సాంచె మీద పోగు తెగుతది. మల్ల అతకాలంటె రెండు దిక్కుల జర కొస ఉండాలె. కొస లేకుంటె ముడి ఏడ వెయ్యాలె? గిది గూడ గంతే. కోసిన కాడ అవతల ఇవతల గొంతు మిగిలుంటె, ఊపిరికి ఊపిరి అతుకుత. అతికినట్టు ఎవ్వలకు తెల్వది."

"కొసలు పెట్టి పంపు," అన్నాను ఎబినేజర్‌తో. ఏడాదిలో వాడితో నేరుగా అన్న మొదటి మాట.

"వద్దు మామా."

"ఎందుకు వద్దు?"

"పాట ఉన్నది. చాలు. మిగిలింది మనకొద్దు."

"నా పెండ్లాం ఊపిరి నాకొద్దని చెప్పనీకి నువ్వెవనివిరా?"

ఏసీ గదిలో వాడి మెడ మీద చెమట దిగింది. అది చూసి నాకు సంతోషమైంది. దాచింది ఏదో ఉంది. ఆమె వద్దు వద్దంటుంటే ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని పాడించి ఉంటాడు. ఆ మాటలు ఈ కొసల్లో ఉంటాయి. ఈ గదిలో దొరికిందాన్ని గుడ్ ఫ్రైడే నాడు సంఘం ముందర పెడతాను అనుకున్నాను.

"మీ పంచాయితి మీది," అన్నాడు అంబదాస్. "నాకు మాత్రం కొసలు గావాలె. లేకుంటె నేను చెయ్య."

ఎబినేజర్ ల్యాప్‌టాప్ దగ్గరికి గుంజుకున్నాడు. తర్వాత సున్నా తీసేసి ఒక అంకె వేశాడు. పెద్ద అంకే వేశాడు. మళ్లీ పంపాడు.

ముక్కలు చూడ్డానికి అవే. అంబదాస్ మౌసుతో ఒక ముక్క అంచు పట్టి పక్కకు గుంజాడు. గుంజినకొద్దీ లోపలి నుంచి గీత వచ్చింది. మీట నొక్కాడు.

కుర్చీ జరిగిన చప్పుడు. ఎక్కడో కోడి. తర్వాత ఊపిరి. కింది నుంచి ఎగదన్ని, సగంలో తట్టుకుని, మళ్లీ ఎగదన్నే ఊపిరి. అది నాకు కొత్త కాదు. తర్వాత ఎబినేజర్ గొంతు.

"అత్తమ్మా, చాలు. పెదవులు నీలం వడ్డయి. లే, ఇంటికి పోదాం."

"కూసోరా. పాట సగంల ఇడ్సిపెట్టి పోతరా ఎవలన్న?"

"మామకు ఫోన్ చేస్త."

"చెయ్యకు. ఉరికొచ్చి ఎత్కపోతడు." నవ్వింది. ఆయాసంలో నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గులో మళ్లీ నవ్వింది. "పెట్టు, మిషిని పెట్టు. నా గుండె ముచ్చట నాకెరుక గాదా?"

ముక్క అయిపోయింది. అంబదాస్ చెయ్యి మౌసు మీద ఆగింది.

"గుంజు," అన్నాను.

ఇంకో ముక్క అంచు గుంజాడు. ముందు ఊపిరే. చాలాసేపు ఊపిరే. తర్వాత ఆమె, మెల్లగా, పక్కన కూర్చున్నవాడితో చెప్పినట్టు.

"నాకేమన్న అయితె నీ మీదికొస్తడు. పడు బిడ్డా. ఎవల్నో ఒకల్ని తిట్టకుంటె ఆయన బతకడు. నీకు పెద్ద మనసున్నది, జర పడు. మహిమకు గూడ చెప్పకు."

"గట్ల మాట్లాడకు అత్తమ్మా."

"మాట్లాడ. ఇగ పాడుత. పెట్టు."

తర్వాత పాట. *ఎవ్వలు పెట్టిరి కొడుకా ముండ్లు.*

ఎబినేజర్ తీగను వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

"మాటలు తీసేస్త కాక," అన్నాడు అంబదాస్, ముఖం తెర వైపే పెట్టి. "ఊపిరి ఒక్కటే ఉంచుత."

"ఉంచు."

కిందికి దిగి ఫ్లెక్సీల దుకాణం ముందర నిలబడ్డాను. ఎవరి పుట్టినరోజు బ్యానరో ఎండకు ఆరేశారు. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల చిన్న చిన్న తలకాయలు. ఒక్కో తలకాయా చూస్తూ నిలబడ్డాను. వాడు వెనకే వచ్చాడు.

"మామా, ఇంత అన్నం తిందాం."

"ఎందుకు చెప్పలే?"

"చెప్పద్దన్నది."

"సంఘమంత నీ మీద ఉమ్మేసింది. గప్పుడన్న చెప్పద్దా?"

"గప్పటికి ఆమె లేకపాయె. లేని మనిషి మీద తప్పు ఎట్ల పెట్టాలె?"

"మంచిది. మీరిద్దరు మంచోళ్లు. నేనొక్కన్నే నోరు చెడ్డోన్ని."

వాడు కాదనలేదు. నేను వాడికి క్షమాపణ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు కూడా. నాకు తెలిసిందాన్ని బట్టి నేనన్నాను. తెలియనివ్వకుండా చేసింది వాళ్లు. ముప్పై ఏండ్లు నా వంట వండిన మనిషి, తన చావు ముచ్చట నన్ను వదిలి అల్లుడితో మాట్లాడుకుంది. చచ్చినవాళ్లను క్షమించడం సులువంటారు. నాకు కాలేదు.

*

ఇప్పపూత దిగింది. పొద్దున్నే పిల్లలు, ఆడవాళ్లు చెట్ల కింద ఏరుకుంటున్నారు. శ్రమకాలంలో మా సంఘం ప్రతి బుధవారం ఒక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటుంది. నాలుగో వారం సంఘపెద్ద సదానందం ఇంట్లో. ప్రార్థన అయ్యాక అంబలి పోశారు.

"సమ్మయ్యా, నీ అల్లుడు కూడికకు పాట తెస్తుండట," అన్నాడు సదానందం. "సిగ్గుండాలె. చంపిన పాటనే మల్ల మోగిచ్చుడా?"

"మహిమ అడిగింది," అన్నాను.

"బిడ్డ అడుగుతది, చిన్నపిల్ల. నువ్వన్న మాట నిజం. నువ్వన్నంక మన సంఘంల ఒక్క పెండ్లికి వాని కెమెర పిలిచినమా? పక్క ఊరోళ్లకు గూడ నేనే చెప్పిన. పిలువకున్రి అని."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను అంబలి తాగుతున్నాను. తాగుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి పొయ్యి ముందర కూర్చుని, "నీ ఒట్టు నా నోటి మీద గూడ పడిందే, నవ్వు," అన్నాను పైకే. పొయ్యిలో నిప్పు లేదు. ఆ పూట ముట్టించలేదు.

మహిమ రెండుసార్లు ఫోన్ చేసింది. పాట ఎలా ఉందని అడిగింది. పాటలాగే ఉందన్నాను. ఆయన కరీంనగర్ పోయొచ్చినప్పటి నుంచి అన్నం సరిగ్గా తింటున్నాడు బాపు, ఏం జరిగిందక్కడ అని అడిగింది. చాయ్ తాగినం, వచ్చినం అన్నాను.

*

గుడ్ ఫ్రైడే సాయంత్రం మా వాకిట్లో పందిరి వేశారు. మధ్యాహ్నం మూడు గంటలసేపు సాగే ఆరాధన అయి, ఉపవాసాలు విడవకముందే సంఘమంతా వచ్చింది. ఎబినేజర్ స్పీకర్ పెట్టె వెనక, గోడకు ఆనుకుని, ఎవరికీ అడ్డం కాకుండా కూర్చున్నాడు. వాడి పక్క చాప ఖాళీగా ఉంది. పందిట్లో చోటు లేక మనుషులు ఎండలో నిలబడ్డారు కానీ ఆ చాప మీద కూర్చోలేదు.

పాస్టరు కరుణాకర్ వాక్యం చదివాడు. మా దగ్గర ఏడాది కూడికలో ఇంటి పెద్ద లేచి సాక్ష్యం చెప్పాలి. ఈ ఏడాది దేవుడు మమ్మల్ని ఎట్లా కాచాడో చెప్పి స్తోత్రం అనాలి. అందరూ వెనక నుంచి ఆమేన్ అంటారు. పాస్టరు నా వైపు చూశాడు. లేచాను.

"రిబ్కమ్మ గుండె బాగ లేదని రిబ్కమ్మకు ఎరుకే. ఎబినేజర్ వద్దన్నడు. ఇంటికి పోదామన్నడు. ఆమె విన్లే. తన ఇష్టంతోని పాడింది. ఎవ్వలు పాడియ్యలే. పోయినేడు నేనన్న మాట మీరందరు మోసుక తిరుగుతున్నరు. దించున్రి."

కూర్చున్నాను. స్తోత్రం అనలేదు. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సదానందం దగ్గాడు. మహిమ నా వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి పాస్టరే స్తోత్రం చెప్పి, పాట పెట్టమన్నాడు.

ముందు అంబదాస్ పెట్టిన వాయిద్యం, సన్నగా. తర్వాత ఆమె. ఊపిరి తీసుకోవడం వినబడింది. లోపలికి గుంజుకున్న గాలి, దాని మీద మొదటి మాట. బతికి ఉన్న మనిషి పాడినట్టే పాడింది.

మా సంఘానికి పాటను ఊరికే వినే అలవాటు లేదు. ఒక లైను తెలిస్తే చాలు, అందుకుంటారు. రెండోసారి పల్లవి రాగానే ముందు ఆడవాళ్లు అందుకున్నారు, తర్వాత మగవాళ్లు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పందిరంతా పాడింది. ఆమె గొంతు అందులో మునిగిపోయింది.

మళ్లీ లేచాను.

"ఆగున్రి. ఆమెను పాడనియ్యున్రి."

చప్పట్లు ఆగాయి. వరుసల వెంట గొంతులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ముందు వరుసలో మార్తవ్వ ఒక్కతే మిగిలింది. చెవులు పూర్తిగా పోయిన ముసలిది. కండ్లు మూసుకుని, అందరూ పాడుతున్నారనే అనుకుని, పెద్ద గొంతుతో పాడుతూ పోతోంది. చర్చిలో ఏండ్ల తరబడి రిబ్కమ్మ పక్కన కూర్చుని పాడిన మనిషి. అందరి పెదవులు చూసి అందుకుని ఉంటుంది, పాట ఆమెకు కంఠతా వచ్చు.

ఎబినేజర్ గోడ దగ్గర నుంచి లేచి ఆమె భుజం తట్టబోయాడు.

"ఉండనియ్యి అల్లుడా," అన్నాను.

వాడు ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే నేల మీద కూర్చున్నాడు. మార్తవ్వ పాటకు ఒక మాట వెనకబడి పాడుతోంది. రిబ్కమ్మ ఊపిరి కోసం ఆగినచోట ఆమె ఆగలేదు.